పచ్చ బటన్ మీది ‘మేము’

కురుపికాయ్ మునిసిపాలిటీ హాల్లో ఒక మైకు ఉంది. న్యా ఎలీహియా అరేకోకి దాని అవసరం ఎప్పుడూ పడలేదు. ఆమె లేచి నిలబడగానే గుమాస్తా వెళ్ళి వీధివైపు కిటికీలు మూసేవాడు. మేయరు వెనాన్సియో మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కునేవాడు. పెద్దావిడ పేరుకి ముందు ‘న్యా’ అని, మగవాళ్ళనైతే ‘కరాయ్’ అని పిలవడం మా దగ్గర మర్యాద. మేయరు ‘న్యా’ అన్నప్పుడు మాత్రం అది పంటినొప్పి వాడి మూలుగులా ఉండేది.

పొట్టి మనిషి. తలమీద మగవాళ్ళ గడ్డి టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు, చంకలో తడిగుడ్డలో చుట్టిన జున్ను. ఇసిపో అనే పల్లెలో ఆవుల్ని పెట్టుకుని, తెల్లారే పాలు పిండి, జున్ను చేసి, వాగు దాటి టౌను సంతకి తెచ్చి అమ్మేది. మొగుడు సిందుల్ఫో మంచివాడు. ఆయన నోరు తెరవగా నేను విన్న కాస్త మాటా వానగురించే. తక్కిన మాటలన్నీ ఆ ఇంట్లో ఆమే వాడుకునేది, మిగిలినవి మూడు నెలలకోసారి మునిసిపాలిటీకి మోసుకొచ్చేది.

మూడు నెలలకోసారి బహిరంగ సభ పెట్టాలని చట్టం. మేయర్లకి అది దంతవైద్యం లాంటిది; తప్పించుకోలేరు, నవ్వలేరు. ఓసారి ఇసిపో రోడ్డుకని వచ్చిన కంకర ఏమైందని ఆమె అడిగింది.

“వానకి కొట్టుకుపోయింది న్యా ఎలీహియా. ప్రకృతి కదా, ఏం చేస్తాం.”

“కొట్టుకుపోయింది సరే. తేలిన చోటు కూడా నేను చూశాను. మీ బావమరిది వాకిట్లో తేలింది. ఆ ఇల్లు గుట్టమీద ఉంది కదా కరాయ్, నీళ్ళు మీ చుట్టాలింటికైతే ఎగువకి పారతాయా?”

హాలంతా నవ్వింది. కంకర తిరిగి రాలేదనుకోండి. కానీ ఆ తర్వాత వచ్చిన కంకర మాత్రం రోడ్డుమీదే పడింది. మా ఊళ్ళో ప్రజాస్వామ్యం అంటే అంతే, ఒక ముసలావిడ గొంతుకి ఒక మగవాడు కాస్సేపు సిగ్గుపడటం. అంతకుమించి నేనైతే చూడలేదు.

ఇసిపోకీ టౌనుకీ మధ్య యకా వాగు ఉంది. దానిమీద కర్రల వంతెన ఉండేది. పోయిన వానాకాలం దాన్ని ఎత్తుకుపోయింది. ఎండల్లో నడుంలోతు నీళ్ళలో జున్ను నెత్తిన పెట్టుకుని దాటొచ్చు. వానలు మొదలైతే అదీ లేదు. నెలల తరబడి జున్ను ఇంట్లోనే పులిసిపోతుంది. “ఇంకో వానాకాలం ఇలా గడవదు. వంతెన పడకపోతే ఆవుల్ని అమ్మేయడమే,” అని సిందుల్ఫోతో చెప్పింది. ఆయన ఆకాశంకేసి చూశాడు.

చివరి సభలో ఆమె మేయర్ని మూలకి నెట్టింది. వంతెన కడతారా కట్టరా, ఒక్క మాట చెప్పండి, అది విని కూర్చుంటాను అంది. ఆయన నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక వేరే దారిలేక, “వచ్చే సభలో తీర్మానం పెడతాం” అన్నాడు. ఇంతమంది ముందు అన్న మాట. ఆమె కూర్చుంది.

ఆ వచ్చే సభ రాలేదు. దాని బదులు రాజధాని నుంచి లిసెన్ ఫియోరెల్లా వచ్చింది.

చదువుకున్న వాళ్ళందరినీ మేం లిసెన్ అంటాం, ఏం చదివారని అడగం. ఈవిడ మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకి తెల్ల బూట్లు. మా ఎర్రమట్టి మొదటి రోజే ఆ బూట్ల సంగతి చూసుకుంది. హాల్లో గోడమీద పెద్ద తెర కట్టారు. తెరకి అడ్డంగా రిబ్బను కట్టి, మేయరు చేత కత్తిరించారు. తెర వెలిగింది. ‘అందరి గొంతు’ అని వచ్చింది.

“ఇకమీదట ఎవరూ ఇంత దూరం రానక్కర్లేదు,” అంది లిసెన్. “సభే మీ చేతిలోకి వస్తుంది. మీకేం కావాలో మీ ఫోన్లోనే ఎంచుకుంటారు. ప్రభుత్వం మీ మాట నేరుగా వింటుంది.”

మేయరు చప్పట్లు కొట్టినంత గట్టిగా నేను ఇంకెవరూ కొట్టగా చూడలేదు. పన్ను పీకించుకుని బయటికొచ్చినవాడి సుఖం ఆ ముఖంలో ఉంది.

న్యా ఎలీహియా లేచింది. గుమాస్తా అలవాటు కొద్దీ కిటికీకేసి నడిచాడు.

“సభ ఎప్పుడమ్మా?”

“ఇదే సభ న్యా. ఇరవై నాలుగ్గంటలూ సభే.”

“బావుంది. మరి ఇందులో లేచి నిలబడేది ఎక్కడ?”

లిసెన్ నవ్వింది, ముచ్చటైన ప్రశ్న అని రాసుకుంది కూడా. సమాధానం చెప్పినట్టు నాకు గుర్తులేదు.

ఎంచుకోవలసినవి మూడు. ఇసిపో వాగుమీద వంతెన. టౌన్లో దీపాలున్న ఫుట్‌బాల్ మైదానం, గడ్డి ప్లాస్టిక్‌ది. చౌకులో ‘కురుపికాయ్’ అని మనిషెత్తు రంగురంగుల అక్షరాలు, జనం పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవడానికి. ఊరి పేరు మర్చిపోయిన వాళ్ళెవరూ మా దగ్గర లేరు గాని, పక్క ఊరికి అక్షరాలున్నాయి, మాకు లేవు. దానికంటే పెద్ద కారణం ఎవరికి కావాలి?

తెరని రెండు భాషల్లో పెట్టారు. ఒకటి రాజధాని వాళ్ళ స్పానిషు. రెండోది మా గ్వారానీ. ప్రభుత్వం మా భాషలో మాట్లాడటం ఇసిపో వాళ్ళు జన్మలో ఎరగరు. పోలీసు తిట్టేటప్పుడు తప్ప మా భాష ఏ ఆఫీసులోనూ వినపడలేదు. అందుకని ఊరు ఊరంతా గర్వంగా గ్వారానీనే తెరిచింది. అక్కడే కొంప మునిగింది.

ఇసిపోలో సిగ్నలు దొరికేది ఒకే ఒక్క చోట, సిందుల్ఫో దొడ్డి వెనక ఎర్రటి చెదపుట్ట మీద. ఆదివారం మధ్యాహ్నం ఎండ తగ్గాక జనం పుట్ట చుట్టూ చేరారు. ఒక కొమ్ముగిన్నెలో తెరెరే, చల్లటి ఆకుల కషాయం, చేతులు మారుతోంది. తానీ అనే మనిషి తన ఫోను పట్టుకుని పుట్టెక్కాడు. పొరుగువాడు, అందరినీ ఆటపట్టించే రకం.

“ఏయ్, వచ్చింది! మూడు బొమ్మలొచ్చాయి. వంతెన బొమ్మ ఎంత బావుందో! న్యా, దీని కింద పచ్చటి బటనుంది.”

“ఏం రాసుంది?”

“నువ్వే చదువు, నాకు కళ్ళజోడు లేదు.”

“కళ్ళజోడు కాదు నీకు లేనిది, చదువు. ఇటు తే.”

ఆమె నెమ్మదిగా కూడబలుక్కుని చదివింది. “ఓరే… రో…ఇపో…రావో.” చదివి, ముఖం ముడుచుకుంది. మళ్ళీ చదివింది.

మా భాషలో ‘ఞాందే’ అంటే మనం. ‘ఓరే’ అంటే మేము. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మొదటిది, గడప బయట నిలబెడితే రెండోది. పాలు మానని పిల్ల కూడా ఈ రెండింటినీ కలగలపదు. స్పానిషులో ఈ తేడా లేదు. వాళ్ళకి అంతా ఒకటే మాట. రాజధానిలో ఏ చల్లటి గదిలోనో ఎవరో, లేదా ఏదో, ఆ ఒక్క మాటని మా భాషలోకి తిప్పుతూ రెండిట్లో చేతికందింది తీసి పెట్టేశారు. పచ్చ బటన్ మీద ‘మనం ఎంచుకుందాం’ అని ఉండాల్సింది ‘మేము ఎంచుకుంటాం’ అయింది.

“మేము ఎంచుకుంటాం అని ఉంది,” అంది న్యా ఎలీహియా.

“మేమా? ఎవరు?”

“రాసినవాళ్ళు. ప్రభుత్వం. ఇది వాళ్ళ బటను. వాళ్ళు నొక్కుకునేది.”

“మరి మన చేతికెందుకిచ్చారు?”

“చూడ్డానికి. ఎవరు ఎంచుకుంటారో మనకి తెలియాలని. ఇన్నాళ్ళూ చాటుగా ఎంచుకునేవాళ్ళు, ఇప్పుడు చెప్పి ఎంచుకుంటున్నారు. అదన్నమాట కొత్తదనం.”

తానీ వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. “నొక్కితే?”

“దొంగ సంతకం పెట్టినట్టే. రేపు పోలీసొస్తాడు, ‘మేము’ అనే చోట నువ్వెందుకు వేలు పెట్టావంటాడు. కింద చూడు, ఇంకోటుంది. మైకు బొమ్మ. ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని ఉంది. మీ అంటే మనమే. అదే మన బటను.”

ఇందులో తప్పు పట్టడానికి ఏముందో చెప్పండి. వ్యాకరణం ఆమె పక్షాన ఉంది, చరిత్రా ఆమె పక్షానే ఉంది. ఇసిపోలో ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్కొక్కరే పుట్టెక్కి మైకు బొమ్మ నొక్కి వంతెనగురించి మాట్లాడారు. ముసలి వాళ్ళు ముందు దండం పెట్టి, ఆరోగ్యం అడిగి, తర్వాత మొదలుపెట్టారు. ఒకాయన వాగులో పోయిన తన గుర్రం పేరు చెప్పి ఏడ్చాడు. సిందుల్ఫో కూడా ఎక్కాడు. చాలాసేపు నిలబడి, “మళ్ళీ వానొస్తుంది” అని దిగిపోయాడు. న్యా ఎలీహియా ఎక్కినప్పుడు జనం అంతా చుట్టూ కూర్చున్నారు. ఆమె మాట్లాడుతుంటే యంత్రం మధ్యమధ్యలో తెగిపోయేది, సమయం అయిపోయిందని. ఆమె మళ్ళీ నొక్కి, ఆపిన చోటినుంచే అందుకునేది. తర్వాత ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగి, ఎవరు చెప్పలేదో చూసి పుట్టెక్కించింది. పచ్చ బటన్ దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు.

టౌను వాళ్ళు స్పానిషులో పచ్చ బటన్ నొక్కారు. రంగు అక్షరాలు గెలిచాయి. వంతెనకి పడ్డ ఓట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా ఎవరో టౌన్లో వేలు జారి నొక్కినవని నా నమ్మకం.

ఫలితం తెలిసిన మర్నాడు న్యా ఎలీహియా వాగు దాటి, తడి బట్టలతోనే మునిసిపాలిటీకొచ్చింది. మేయరూ లిసెనూ ఇద్దరూ ఉన్నారు.

“మా ఊరంతా చెప్పాం కదా. ఎవరూ వినలేదా?”

“న్యా, మీవాళ్ళెవరూ ఓటు వెయ్యలేదు,” అంది లిసెన్. “పచ్చ బటన్ నొక్కాలి కదా.”

“దానిమీద మేము అని రాసుంది. మేము అంటే మీరు.”

“అదేంటి? మేము అంటే మేము, మనం, అందరం. ఒకటేగా?”

గుమాస్తా దగ్గాడు. అతనూ గ్వారానీ మాట్లాడే ఇంట్లో పుట్టినవాడే. మేయరూ అంతే. ఇద్దరూ బల్లకేసి చూస్తున్నారు.

“కరాయ్,” అంది ఆమె మేయర్తో, “మీ అమ్మ మిమ్మల్ని అన్నానికి పిలిచేటప్పుడు ‘మేము తింటాం’ అని పిలిచేదా?”

ఆయనకి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుని, “సాంకేతిక లోపం” అన్నాడు.

లిసెన్‌కి విషయం వివరించారు. ఆమె చెడ్డమనిషి కాదు, నిజంగా నొచ్చుకుంది. ఫోన్లో రాజధానికి రాసింది. అరగంటలో బటన్ మీద మాట మారిపోయింది. ‘మనం ఎంచుకుందాం.’ చూడండి న్యా, ఎంత వేగమో అని చూపించింది కూడా.

“సంతోషం. ఇప్పుడు నొక్కుతాం.”

“గడువు అయిపోయింది కదా.”

“పోనీ మేం చెప్పినవి వినండి. మా గొంతులు మీ దగ్గరున్నాయి. నాది పెట్టు, కరాయ్ వెనాన్సియో కూడా వింటారు. ఆయనకి అలవాటే.”

లిసెన్ తెరని అటూ ఇటూ కదిపింది. మైకు బొమ్మలు వరసగా కనిపించాయి. ఒక్కోదాని పక్కన ‘చేరింది’ అని టిక్కు.

“వినే బటన్ లేదు న్యా. చేరినట్టు మాత్రమే ఉంటుంది. లెక్కకి.”

న్యా ఎలీహియా కాసేపు ఆ టిక్కుల్ని చూసింది. గుర్రం పోయినాయన టిక్కూ, సిందుల్ఫో టిక్కూ ఒక్కలాగే ఉన్నాయి.

అంతటితో అయిపోయేది. కానీ ఆ లెక్క రాజధానికి వెళ్ళింది. ఓటెవరికన్నది అక్కడ ఎవరికీ పట్టలేదు. ఎవరెంత సేపు మాట్లాడారన్నది పట్టింది. దేశం మొత్తంమీద జనాభాని బట్టి చూస్తే ఇసిపో అంత మాట్లాడిన పల్లె ఇంకోటి లేదట. ‘అత్యంత చురుకైన పల్లె’ అని బహుమతి ప్రకటించారు. ఇవ్వడానికి స్వయంగా ఉపమంత్రి వస్తున్నాడు. వంతెన అడిగి ఓడిపోయిన పల్లెకి, అడిగినందుకు బహుమతి.

లిసెన్ ఆ వార్త చెప్పడానికి మేయర్ని వెంటబెట్టుకుని సంతలో జున్ను బల్ల దగ్గరికే వచ్చింది. చౌకులో, కొత్త అక్షరాల ముందు సభ పెడతామంది.

“పల్లెకిచ్చేది పల్లెలోనే ఇవ్వాలి,” అంది న్యా ఎలీహియా. “ఇసిపోకి రమ్మనండి.”

పక్కన మేయరు ఉలిక్కిపడ్డాడు. “ఉపమంత్రి వాగెలా దాటతాడు న్యా?”

“మేం దాటినట్టే. ప్యాంటు పైకి మడుచుకుని. నేను చెయ్యి పట్టుకుంటాలే.”

లిసెన్‌కి ఆలోచన నచ్చింది. పొలాలు, ఆవులు, వెనక ఆకాశం, ఫొటోలు బావుంటాయంది. రాజధాని ఒప్పుకుంది. దాంతో మేయరు వెనాన్సియో జీవితంలో మొదటిసారి యకా వాగుగురించి నిద్ర మానుకున్నాడు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. సైన్యం లారీల్లో ఇనుప ముక్కలు వచ్చాయి. పొద్దున దించారు. సాయంత్రానికి వాగుమీద వంతెన నిలబడింది.

ఒక్క పూట! అడ్డకమ్మీలు, రెండు వైపులా పట్టుకోడానికి గొలుసులు, ఆకుపచ్చ రంగుతో సహా. ఇన్నాళ్ళూ నిధులు లేవు, నివేదిక లేదు, నేల పరీక్ష కాలేదు అన్నవాళ్ళంతా ఈగ దూరినా తెలియనంతగా నోళ్ళు తెరుచుకుని చూశారు.

న్యా ఎలీహియా ఆ సాయంత్రం దానిమీద టౌనువైపు వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పనేమీ లేదు.

“ఏంటి న్యా, వంతెన అరగదీస్తున్నావు?” అని తానీ అరిచాడు ఒడ్డునుంచి.

“నోర్ముయ్. బూట్లు పొడిగా ఉంటే నడక ఎలా ఉంటుందో చూస్తున్నా.”

ఆ వారం ఆమె జున్ను రోజూ సంతకి చేరింది. సిందుల్ఫో కూడా ఒకసారి ఆమె వెంట వచ్చి, బల్ల వెనక కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూసి వెళ్ళాడు.

ఉపమంత్రి వచ్చిన రోజు ఇసిపోలో ఒక గుడారం, కుర్చీలు, కొత్త బ్యానరు. బ్యానరు మీద ‘మనం’ అని సరిగ్గానే రాశారు. ముందు ఆయన చేత వంతెనకి రిబ్బను కోయించారు. కత్తెర రెండో పిడి న్యా ఎలీహియా చేత పట్టించి ఫొటో తీశారు. తర్వాత బహుమతి రాసిన గాజుపలక ఇచ్చారు. ధన్యవాదాలు చెప్పి కూర్చోమని లిసెన్ ఆమెకి ముందే చెప్పింది, రెండుసార్లు.

ఆమె మైకు పక్కకి నెట్టింది.

“ధన్యవాదాలు. కూర్చునే ముందు ఒక్క మాట అడుగుతా. ఈ వంతెన ఉంటుందా, మీతో పాటే వెళ్ళిపోతుందా?”

మేయరు నీళ్ళకోసం చూశాడు, లేవు. ఉపమంత్రి మాత్రం తడబడలేదు. పెద్ద సభలు చూసినవాడు. ఆయన లేచి చేతులు చాపి, మా భాషలో మాట్లాడి మా మనసు దోచుకుందామనుకున్నాడు. స్కూల్లో నేర్చుకున్న గ్వారానీ అంతా కూడదీసుకుని, గుండెమీద చెయ్యేసుకుని గట్టిగా అన్నాడు:

“అమ్మా! ఈ వంతెన మాది!”

మనది అనబోయాడు పాపం. ‘ఓరే’ అనేశాడు. మాది, మీది కాదు. వెనకనుంచి తానీ పగలబడి నవ్వాడు, పిల్లలు నవ్వారు, సైనికులు కూడా టోపీలు ముఖానికడ్డం పెట్టుకుని నవ్వారు. తనమాట జనానికి అంత నచ్చిందని ఉపమంత్రి కూడా నవ్వి, ఇంకోసారి అన్నాడు. “మాది!” చప్పట్లు మోగాయి.

న్యా ఎలీహియా నవ్వలేదు. దిగొచ్చి సిందుల్ఫో పక్కన కూర్చుని, “మనిషి నిజమే చెప్పాడు” అంది.

మర్నాడు పొద్దున్నే లారీలు వచ్చాయి. ఆమె అప్పటికే వంతెన మధ్యలో నిలబడి ఉంది, జున్ను గంప పక్కన పెట్టుకుని. సార్జెంటు బోబదీయా టోపీ తీసి దగ్గరికొచ్చాడు. మా పక్క జిల్లావాడే, గ్వారానీ తప్పు లేకుండా మాట్లాడేవాడు.

“న్యా, కొంచెం జరగాలి. విప్పాలి.”

“ఎందుకు విప్పాలి నాయనా? ఇక్కడ వాగుంది, దానిమీద వంతెనుంది. సరిపోయింది కదా.”

“సరిపోయిందమ్మా. కానీ ఇది ఇక్కడిది కాదు. గురువారం ఇంకో ఊళ్ళో ప్రారంభోత్సవముంది.”

“ఇదే వంతెనా?”

“మా దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఈ ఏడాది దీన్ని చాలాసార్లు ప్రారంభించాం.”

“పోనీ ఆ ఊరివాళ్ళు దీన్ని ఉంచుకుంటారా?”

“లేదు. వాళ్ళకీ శుక్రవారం విప్పడమే.”

ఆమె అరుస్తుందని ఒడ్డున అందరం ఎదురుచూశాం. తానీ అయితే చెవులు మూసుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ ఆమె ముందున్నది పద్దెనిమిదేళ్ళ సైనికులు, నిద్రముఖాలు, ఒకడికి చొక్కా గుండీలు కూడా లేవు. వాళ్ళమీద అరిచి ఏం లాభం?

“తిన్నార్రా?” అని అడిగింది.

తినలేదన్నారు. గంపలో జున్ను కోసి పెట్టింది. పొరుగింట్లోంచి ఉడకబెట్టిన కర్రపెండలం తెప్పించింది. కుర్రాళ్ళు వంతెన మీదే కూర్చుని కాళ్ళు వేలాడేసి తిన్నారు. తర్వాత ఆమె ఇసిపో వైపు ఒడ్డుకి నడిచింది. వాళ్ళు విప్పారు. సార్జెంటు వెళ్ళేటప్పుడు సెల్యూట్ చేశాడు, ఎవరికి చేస్తున్నాడో తెలియనట్టు, వాగుకేసి.

వానలకి ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆమె ఆశ వదల్లేదు. మళ్ళీ తడిసి మునిసిపాలిటీకి వెళ్ళింది. మేయరు లేడు. ఈ మధ్య ఆయన ఉండాల్సిన పని లేదు. లిసెన్ ఇంకో జిల్లాకి వెళ్ళిపోయింది, ఎర్రబడ్డ తెల్ల బూట్లతో. హాల్లో ఉన్నది గుమాస్తా, కంప్యూటరు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి.

“రెండో విడత మొదలైందట కదా. వంతెన పెట్టు. ఈసారి పచ్చ బటన్ నొక్కుతాం, ఊరంతా.”

గుమాస్తా టకటకా కొట్టాడు. ఆగాడు. మళ్ళీ కొట్టాడు.

“తీసుకోవడం లేదు న్యా.”

“ఎందుకు?”

“అక్కడ వంతెన ఉందంటోంది. పని పూర్తయింది అని ఉంది. ఫొటో కూడా.”

తెర ఆమెవైపు తిప్పాడు. ఆకుపచ్చ వంతెన, ఎర్ర రిబ్బను, ఉపమంత్రి పళ్ళు, పక్కన గడ్డి టోపీలో కత్తెర పట్టుకున్న ఆమె.

“లేదు కదా నాయనా. నువ్వూ చూశావు. విప్పి తీసుకెళ్ళారు.”

“నేను చూశాను. ఇది చూడలేదు.”

“తీసెయ్యి మరి.”

“తీసే అధికారం నాకు లేదు. రాజధానికి రాయాలి. రాస్తే, ‘లబ్ధిదారు స్వయంగా ప్రారంభించారు, ఫిర్యాదు చెల్లదు’ అని వస్తుంది. రాసి చూశాను న్యా. ఒట్టు. నీకు తెలియకుండానే రాశాను.”

ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఖాళీ కుర్చీలు, గోడమీద తెర, తలొంచుకున్న గుమాస్తా. అరవాలంటే ఎదురుగా సిగ్గుపడగలిగేవాడు ఒకడుండాలి. ఉన్నవాడేమో అప్పటికే సిగ్గుపడుతున్నాడు. ఆమె గుమాస్తా బల్లని ఈ చివరనుంచి ఆ చివరకి ఒకసారి అరచేత్తో తుడిచి, వచ్చేసింది.

వానలకి ముందే ఆవుల్ని అమ్మేసింది. కొన్నది వాగుకి అవతలి పాడి రైతు అపారిసియో. ఆవుల్ని దాటించడానికి వంతెన అక్కర్లేదు, అవి ఈదుతాయి. న్యా ఎలీహియా ముందు నీళ్ళలోకి దిగి, ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచింది. అవి మెడలు పైకెత్తి ఆమె వెనకే వచ్చాయి. సిందుల్ఫో ఇవతలి ఒడ్డునే ఉండిపోయాడు.

అవతల అపారిసియో తాళ్ళు కట్టుకుంటుంటే ఆమె ఒక్కోదాని సంగతీ చెప్పింది. ఏది తంతుంది, ఏది కంచె దూకుతుంది, దేనికి ఉప్పంటే పిచ్చి. చివర్లో ఒక ముసలి ఆవు మెడమీద చెయ్యేసింది.

“దీనికి మాత్రం పిండేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. మౌనంగా పిండితే పాలు బిగబట్టేస్తుంది.”

“ఏం మాట్లాడాలి న్యా?” అన్నాడు అపారిసియో. “నాకు అన్ని మాటలు రావే.”

“ఏదైనా పర్లేదు. మేయర్ని తిట్టు, వానగురించి చెప్పు. చెవులు ఇటు తిప్పుతుంది చూడు, అప్పుడు మొదలుపెట్టు. అంటే వింటోందని.”